ముచ్చిక

కిందటి అక్టోబరులో ఒకనాడు తెల్లవారీ తెల్లవారకముందే ఫోను మోగింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి. మాకు ఉదయం ఐదున్నర అయితే వారికి ముందునాటి రాత్రి ఎనిమిది గంటలు. ఆ వేళకు నేను లేచి ఉంటానని దానికి తెలుసు. మాట్లాడవలసినది తాను కాదట, ఒకటవ తరగతి చదువుతున్న నా మనుమరాలట. ఆనాడు బడివారు పిల్లలందరినీ ఒక ఆపిల్ తోటకు తీసుకువెళ్ళారు. గడ్డిమోపులు పరచిన బండి ఎక్కించి తోటంతా తిప్పారట. తలకొక చిన్న సంచి ఇచ్చి, అందులో పట్టినన్ని కాయలు ఎవరికి వారే కోసుకోవచ్చునన్నారట.

"తాతయ్యా, చెట్టు నుంచి ఆపిల్ ఎలా కొయ్యాలో నీకు తెలుసా? లాగకూడదు. చేత్తో పట్టుకుని, పైకెత్తి, ఇలా తిప్పాలి. అప్పుడు అదే వచ్చేస్తుంది" అని చిన్న చేతిని గాలిలో తిప్పి చూపించింది.

"బాగా నేర్చుకున్నావమ్మా" అనవలసినవాణ్ణి నోట మాట రాక ఊరుకున్నాను. "తాతయ్యా, వినపడుతోందా?" అని రెండుసార్లు అడిగింది. వినపడుతూనే ఉన్నది. సరిగ్గా ఇదే మాటను ముప్పై ఏళ్ళ కిందట మరొక పిల్లవాడు, మరొక తోటలో నిలబడి నాకు చెప్పాడు. ఆ పూట సాయంకాలానికే నేను వాడికి చేసిన అన్యాయం కూడా ఆ మాట వెంటనే మనసులోకి వచ్చి నిలిచింది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోని సంగతి అది. ఇప్పుడు చెప్పవలెననిపిస్తున్నది.

నేను వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి. పుట్టినది కోదాడకు చేరువలోని ఒక పల్లె. ఉద్యోగజీవితంలో అధికభాగం మిర్యాలగూడ పరిసరాల్లోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో గడిచింది. పదవీవిరమణ తరువాత సూర్యాపేటలో స్థిరపడ్డాను. అప్పట్లో ఈ మూడూ ఒకే నల్లగొండ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది. కోదాడ దానిలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. కాబట్టి నా పుట్టుక, విశ్రాంతి ఒక జిల్లాలోనూ, పాఠాలన్నీ మరొక జిల్లాలోనూ పడ్డాయి.

ఆ ప్రాంతపు భూమిని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ వైపుగా సాగి ఆ ప్రాంతపు రూపాన్నే మార్చివేసింది. జొన్న పండిన చోట వరి పండింది. వరి వెంట బియ్యపు మిల్లులు వచ్చాయి. ఈనాడు మిర్యాలగూడ అనగానే లోకానికి గుర్తుకు వచ్చేవి ఆ మిల్లులే. కాని నీరు పల్లానికే పారుతుంది. కాలువకు ఎగువన ఉన్న ఎర్ర చెలకలకు ఆ నీరు అందలేదు. అక్కడి రైతులు బావులు తవ్వుకుని, తరువాత బోర్లు వేసుకుని, బత్తాయి తోటలు పెంచారు. కాలువకు ఈవల వరి, ఆవల బత్తాయి. మధ్యలో ఉన్నది ఒక గట్టు మాత్రమే.

మా బడి వరి పండే ఊరిలోనిది. ఏడవ తరగతి పిల్లల్లో సగం మందికి పైగా పండ్లతోట అనేదానిని చూడలేదు. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోబోతే మొట్టమొదట ఎదురయ్యేది ఆపిల్ బొమ్మ. ఆ పండు మిర్యాలగూడ బజారులో తోపుడు బండ్ల మీద కనిపించేది గాని, జబ్బుపడిన వారిని చూడబోయేటప్పుడు తప్ప దానిని కొనే ఇల్లు మా ఊరిలో అరుదు. అప్పుడైనా ఆపిల్ కొనలేనివారు బత్తాయిలు కొనుక్కుపోయేవారు. అందువల్ల ఆ రెండు పండ్లూ మా పిల్లలకు పరిచయమైనది ఎక్కువగా రోగి మంచం పక్కనే. సామాన్యశాస్త్రం బోధించే మిత్రుడొకరు, "ఆపిల్ తోట ఎలాగూ చూపించలేము, బత్తాయి తోటైనా చూపిద్దాం" అన్నారు. అది 1994 సెప్టెంబరు. దసరా సెలవులు ఇంకా రాలేదు, పెద్ద కాపు కోతలు సాగుతున్నాయి. తలకు ఐదు రూపాయలు వేసుకుని ఒక డి.సి.ఎం. వ్యాను మాట్లాడాము. ముగ్గురు పిల్లలు ఆ ఐదు రూపాయలు తేలేకపోయారు. వారి సొమ్ము ఉపాధ్యాయులమే వేసుకున్నాము.

ఆ ముగ్గురిలో ఒకడు ఈ కథలోని పిల్లవాడు. పేరు చెప్పను. ఇప్పుడు వాడికి నలభై దాటి ఉంటాయి. ఎక్కడో గౌరవంగా సంసారం చేసుకుంటూ ఉంటాడు. వాడి తండ్రి ఒక ఆసామి దగ్గర జీతగాడు. అంతకు ముందు చెలకల వైపు ఏదో ఊరిలో ఉండి, పని వెతుక్కుంటూ మా ఊరికి వచ్చిన కుటుంబం. తరగతిలో చివరి వరుసలో కూర్చునేవాడు. చదవమంటే నత్తనడక, రాయమంటే ఒత్తులన్నీ మాయం. 'భయము' అని చెబితే 'బయము' అని రాసేవాడు. వాడి నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని నేనే ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ శ్రద్ధ అనే మాటలోని ఒత్తు కూడా వాడికి రాదని అప్పుడు నాకు తోచలేదు.

మిర్యాలగూడ నుంచి నిడమనూరు మీదుగా హాలియా దాటి వెళ్ళాము. కాలువ వెనుకబడిన కొంతసేపటికే పచ్చని వరిమళ్ళు పోయి ఎర్రనేల వచ్చింది. ఆ ఎర్రనేల మీద వరుసలు తీరిన గుబురు చెట్లు కనిపించగానే పిల్లలు కేకలు వేశారు. తోట యజమాని చదువుకున్న మనిషి, నిదానస్తుడు. పిల్లలను చెట్టు నీడన కూర్చోబెట్టి అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పాడు.

మొదటి ప్రశ్న అందరూ ఊహించినదే. "ఇక్కడ ఆపిల్ చెట్టు ఎందుకు లేదు?" అని ఒక అమ్మాయి అడిగింది. "అది చలిదేశపు చెట్టమ్మా. చలికాలంలో గజగజ వణికితేనే దానికి నిద్ర పడుతుంది. నిద్రపోయి లేస్తేనే పూత పూస్తుంది. మన దగ్గర దానికి నిద్ర చాలదు" అన్నాడాయన. అది చమత్కారంగా చెప్పిన మాటే అయినా నూటికి నూరుపాళ్ళు శాస్త్రమని తరువాత చదివి తెలుసుకున్నాను. సాధారణ ఆపిల్ రకాలకు శీతకాలంలో ఏడు డిగ్రీల సెల్సియసుకు లోబడిన చలి సుమారు వెయ్యి గంటల పాటు కావాలి. ఆ చలి చాలకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు.

ఈ సందర్భంలోనే మరొక విషయం. ఆ నిద్రను తగ్గించుకున్న ఆపిల్ రకాలు ఇటీవల వచ్చాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు వేడి ప్రాంతాల్లోనూ కాసే హెచ్.ఆర్.ఎం.ఎన్. 99 అనే రకాన్ని రూపొందించారు. 2025లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. మన తెలంగాణలోనే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరా గ్రామంలో కేంద్రే బాలాజీ గారనే రైతు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తల తోడ్పాటుతో ఆపిల్ పండించారు. తొలి కాపు కాయలను 2020 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారికి అందజేశారు. 1994లో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇరవై ఆరేళ్ళ తరువాత వచ్చిన సమాధానమది. ఆ వార్త పత్రికలో చూసిన రోజు నేను మొట్టమొదట తలచుకున్నది ఆ అమ్మాయినే.

బత్తాయికి చలితో పనిలేదు. కాని దానికీ విశ్రాంతి కావాలట. తోటకు నెల రోజులో, నేల తీరును బట్టి ఇంకా కొన్నాళ్ళో నీళ్ళు ఆపివేస్తారు. ఆకు వడలి, చెట్టు చూడడానికి జాలిగా తయారవుతుంది. అప్పుడు పాదులు చేసి ఎరువు వేసి తడి ఇస్తే, అంతవరకు పట్టిన ఆకలినంతా పూతగా చూపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చిన పూత ఆగస్టు మొదలుకొని అక్టోబరు దాకా కోతకు వస్తుంది. జూన్, జూలైలో వచ్చిన పూత ఎండలు ముదిరే ముందు కోతకు వస్తుంది. దానిని కత్తెర కాపు అంటారు. బత్తాయి కోసిన తరువాత పండదు కాబట్టి చెట్టు మీదనే తీపి పట్టేదాకా ఆగాలి. పోనీ రంగు చూసి తెలుసుకుందామంటే మన వేడికి లోపల రసం తీపెక్కినా పైన తోలు పచ్చగానే ఉంటుంది. "రంగు చూసి కొనేవాడు మోసపోతాడు" అన్నాడు యజమాని. ఆ వాక్యాన్ని నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నానే గాని నేర్చుకోలేదు.

తరువాత అంటు కట్టే విధానం చూపించాడు. జంబేరి గాని, రంగపూర్ నిమ్మ గాని వేరుమొక్కగా పెంచి, దాని కాండం మీద సాత్‌గుడి బత్తాయి కన్నును అతికిస్తారు. వేరు ఒకరిది, పండు మరొకరిది. నాకు వెంటనే వ్యాకరణం జ్ఞాపకం వచ్చింది. సంస్కృతపు 'రామ' శబ్దానికి మన 'డు' వర్ణకాన్ని అతికిస్తే 'రాముడు' అయి, తెలుగునేల మీద నిక్షేపంగా బతుకుతున్నాడు గదా! నారింజ మాటను కూడా చెప్పాను. సంస్కృతంలోని నారంగం పారశీకం, అరబ్బీల మీదుగా పడమరకు పయనించి, స్పానిషులో నరాంహగా స్థిరపడి, ఇంగ్లీషుకు చేరేలోపే మొదటి 'న'కారాన్ని పోగొట్టుకుని ఆరెంజ్ అయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ పూట నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను.

అంతలో యజమాని, "సార్, మీ చేత్తో ఒక కాయ కోయండి" అన్నాడు. నేను ఒక కాయను పట్టుకుని లాగాను. కొమ్మంతా ఊగి, కాయ నా చేతికి వచ్చింది. పైభాగాన రూపాయి బిళ్ళంత తోలు చెట్టుకే ఉండిపోయింది.

"గట్ల గుంజొద్దు సార్" అన్న మాట వెనుకనుంచి వినవచ్చింది. తిరిగి చూస్తే వాడు. తరగతిలో పేరు పిలిచినా పలకనివాడు నలుగురిని తోసుకుని ముందుకు వచ్చాడు. "కాయను ఇట్ల పట్టి, జర మీదికి లేపి, తిప్పాలె. ముచ్చికతోని రావాలె. ముచ్చిక ఊడితే కాయ ఆగది సార్, నాలుగొద్దులకే మురుగుతది" అంటూ ఒక కాయను కోసి నా అరచేతిలో పెట్టాడు. దాని నెత్తిన ఆకుపచ్చని చిన్న నక్షత్రంలాగా ముచ్చిక చెక్కుచెదరక ఉన్నది.

సంస్కృతంలో వృంతం, తెలుగులో తొడిమ, ముచ్చిక. పుస్తకాల్లో చదివిన మాటను బతుకులో వాడగా వినడం పండితుడికి ఎంత ఆనందమో చెప్పలేను. ఆ మాటను పిల్లలందరి చేతా పలికించాను. వాడు సెలవుల్లో తల్లిదండ్రులతో బత్తాయి కోతలకు పోయేవాడట. ఆ తరువాత అరగంటసేపు వాడే ఉపాధ్యాయుడు, మేమందరమూ విద్యార్థులం. మొదళ్ళకు పూసిన నీలిరంగు పూత బంక తెగులు రాకుండా వేసిన బోర్డో మందు అని చెప్పాడు. గుట్టగా పోసిన కాయల్లో గోధుమరంగు మచ్చలతో తుప్పుపట్టినట్లున్నవి తీసి చూపించి, "ఇవి మంగు కాయలు సార్. నల్లి పడ్డవి. బేరగాడు వీటిని పక్కకు ఏరేస్తడు. తింటే మటుకు ఇవే తియ్యగ ఉంటయి" అన్నాడు. ఒకటి ఒలిచి చూశాము. వాడు చెప్పినది నిజమే. నల్లి గీరిన తోలు గుండా నీరు ఎక్కువగా ఆరిపోవడం వల్ల లోపలి రసం చిక్కబడుతుందట.

మధ్యాహ్నం అందరం సద్దులు విప్పాము. పులిహోర తెచ్చినవారు పులిహోర, పెరుగన్నం తెచ్చినవారు పెరుగన్నం. వాడిది జొన్నరొట్టె. రెండు నిమిషాల్లో తినేసి కోతకూలీల వైపు పోయి గంపలు అందివ్వడం దూరంనుంచి చూశాను.

బయలుదేరే వేళకు యజమాని నొచ్చుకుంటూ వచ్చాడు. దారి పక్కనున్న ఒక చెట్టుకు కొమ్మ విరిగింది; కాయలు ఎవరో ఇష్టం వచ్చినట్లు పెరికివేశారు. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "పిల్లలు గదా సార్, పోనీయండి" అన్నాడు. అనకపోవడమే నన్ను మరింత పొడిచింది. పిల్లలను వరుసలో నిలబెట్టి సంచులు విప్పమన్నాను. ఒక్కొక్కరి సంచీ చూసుకుంటూ వచ్చాను. అన్నీ ఖాళీ. చివరన నిలబడిన వాడి సంచిలో ఆరు కాయలు ఉన్నాయి.

"మేస్త్రి ఇచ్చిండు సార్" అన్నాడు.

మేస్త్రి నలభై అడుగుల దూరంలో లారీలో వరిగడ్డి పరిపిస్తున్నాడు. పిలిచి అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. "ఐదు రూపాయలు ఇయ్యకపోయినా ఊరికే తీసుకువస్తే ఇదా నువ్వు చేసే పని? దొంగతనానికి తోడు అబద్ధం కూడానా?" అన్నాను. నలభై మంది పిల్లల ముందు అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఆరు కాయలనూ నా చేతులతోనే తీసి గుట్టలో వేశాను. వాడు ఏడవలేదు. ఇంకొక మాటా మాట్లాడలేదు. వ్యానులో వెనుక మూలన కూర్చుని, హాలియా వచ్చేదాకా బయటికే చూస్తూ ఉండిపోయాడు. ఆ తరువాత నేనే అటు చూడడం మానుకున్నాను.

పది రోజుల తరువాత మిర్యాలగూడ బస్టాండులో ఆ తోట యజమాని కనిపించాడు. కుశలప్రశ్నలు అయ్యాక, "సార్, ఆ పొల్లగాడి తప్పేమీ లేదు. గంపలు మోసిండని మా మేస్త్రే మంగు కాయలు ఇచ్చిండట. మీరు పోయినంక దారి పక్క గుంతలో ఇరవై కాయలు దొరికినయి. మీ పిల్లలు భయపడి పారేసినట్టున్నరు. ఒక్కదానికి ముచ్చిక లేదు" అన్నాడు.

నిలువునా నీరైపోయాను. చేసినవారు గుంతలో పారవేసుకుని ఖాళీ సంచులతో నిలబడ్డారు. దాచవలసిన అవసరం లేనివాడు ఒక్కడే కాయలతో నిలబడ్డాడు. వాడి ఆరు కాయలనూ నేను స్వయంగా చేత పట్టుకున్నాను. ఆరింటి మీదా మంగు మచ్చ ఉన్నది. ఆరింటికీ ముచ్చిక ఉన్నది. పెరికిన కాయకు ముచ్చిక ఉండదని అంతకు నాలుగు గంటల ముందే వాడే నాకు పాఠం చెప్పాడు. దిద్దుబాటులో ఒక్క సున్న తప్పినా పట్టుకోగల కళ్ళు ఇవి. సాక్ష్యం అరచేతిలో ఉండగా చదవలేకపోయాయి. ఎందుకంటే నేను కాయలను చూడలేదు. చివరి వరుసను చూశాను, తప్పుల నోటుపుస్తకాన్ని చూశాను, రాని ఐదు రూపాయలను చూశాను.

మరునాడు వాణ్ణి వరండాలోకి పిలిచి, "పొరపాటు పడ్డానురా. నీ తప్పు లేదని తెలిసింది" అన్నాను. "ఏం గాదు సార్" అన్నాడు, నేలవైపు చూస్తూ. వాడు తరగతిలోకి వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నేను వెళ్ళి పాఠం చెప్పాను. ఆ మాటను తరగతిలో అందరి ముందూ చెప్పాలని ఆ గంటంతా అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. పిల్లల ముందు పండితుడి గౌరవం తగ్గుతుందేమోనన్నది ఒక కారణం. గుంతలో కాయలు పారవేసినది ఎవరని తవ్వితే ఊరి పెద్దల పిల్లల పేర్లు బయటపడతాయన్నది రెండవది. ఈ రెండింటిలో ఏదీ ధర్మశాస్త్రంలో నిలిచే కారణం కాదని అప్పుడూ నాకు తెలుసు. నలుగురిలో చేసిన అవమానానికి చాటున చెప్పిన క్షమాపణ చెల్లదు. నలభై మంది దృష్టిలో వాడు దొంగగానే ఉండిపోయాడు.

వాడు బడి మానలేదు. ఏడవ తరగతి పరీక్ష గట్టెక్కాడు. కాని ఆ సంవత్సరమంతా తరగతిలో మళ్ళీ ఒక్కసారి కూడా తనంతట తాను నోరు విప్పలేదు. తోటలో అరగంటసేపు విన్న ఆ గొంతును నేను తరువాత వినలేదు. వేసవిలో వాడి కుటుంబం పనికోసం మరెక్కడికో వెళ్ళిపోయింది.

2004లో నాగార్జునసాగర్ వెళుతూ ఆ తోట దగ్గర బస్సు కిటికీలోనుంచి చూశాను. 2002 నాటి కరవు ఆ ప్రాంతాన్ని గట్టి దెబ్బ తీసింది. భూగర్భజలం అడుగంటింది. వందల అడుగులు బోర్లు దింపినా నీరు పడక, అప్పుచేసి వేసిన బోర్లు ఎండి, ఎందరో రైతులు పదిహేనేళ్ళు పెంచిన చెట్లను తామే నరికి కట్టెలకు అమ్ముకున్నారు. నేను చూసేసరికి ఆ తోటలో మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. తరువాతి కాలంలో డ్రిప్పు పైపులతో మళ్ళీ తోటలు వేసినవారు ఉన్నారు. పత్తికి మారినవారూ ఉన్నారు. పడిపోయిన తోటను మళ్ళీ నాటుకోవచ్చు. అయిదేళ్ళు ఓపిక పడితే కాపుకు వస్తుంది.

పదవీవిరమణ దాకా నేను ఇంకా చాలామంది పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ తోట తరువాత రెండు నియమాలు పెట్టుకున్నాను. పిల్లవాడు ఒక కారణం చెబితే, అది నిజమో కాదో విచారించిన తరువాతే నోరు విప్పడం ఒకటి. ఎవరి సంచినీ పదిమందిలో విప్పించకపోవడం రెండవది. ఈ రెండింటి వల్ల నాకు మంచి ఉపాధ్యాయుడన్న పేరు కూడా వచ్చింది. పదవీవిరమణ సభలో ఒక పూర్వవిద్యార్థి, "మా సారు ఏ పిల్లవాణ్ణీ నలుగురిలో చిన్నబుచ్చలేదు" అని చెప్పగా అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పించుకుని కూర్చున్నాను. లేచి "అది నిజం కాదు" అని చెప్పవలసిన సమయం అదే. అప్పుడూ చెప్పలేకపోయాను.

మనుమరాలు ఫోనులో మళ్ళీ అడిగింది. "తాతయ్యా, నీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు?" అని. "నాకు ఒక సారు చెప్పాడమ్మా. బత్తాయి తోటలో" అన్నాను. "ఆయన పేరేంటి?" అంది. నాకు ఆ పేరు ఇంటిపేరుతో సహా జ్ఞాపకమున్నది. హాజరుపట్టీలో ఎన్నవ సంఖ్యో కూడా జ్ఞాపకమున్నది.

1994-95లో మిర్యాలగూడ దగ్గరి ఆ బడిలో ఏడవ తరగతి చదివి, ఆనాడు వ్యానులో మాతో వచ్చిన పిల్లలు ఇప్పుడు నడివయసు తల్లిదండ్రులయి ఉంటారు. మీలో ఎవరైనా ఈ నాలుగు మాటలు చదివితే, ఎవరి సంగతో మీకు వెంటనే తెలిసిపోతుంది. వాడు దొంగతనం చేయలేదు. అబద్ధమూ ఆడలేదు. ఆ ఆరు కాయలూ గంపలు మోసినందుకు మేస్త్రి ఇచ్చినవి. తప్పు నాది. ఆనాడే తరగతిలో నిలబడి మీ అందరితో చెప్పవలసిన మాట ఇది. వాడు మీకు ఎక్కడైనా ఎదురుపడితే, సారు ఈ మాట అందరి ముందూ చెప్పాడని వాడికి చెప్పండి.